యంత్రానికి ధారణ

గోదావరీ తీరాన బాసరలో వెలసిన జ్ఞానసరస్వతి సన్నిధిలో పసిబిడ్డలకు అక్షరాభ్యాసం చేయించడం తెలుగువారిలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆ బాసరలోనే 2008లో రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ ప్రాంగణం నెలకొన్నది. పదవ తరగతి ముగించుకొన్న గ్రామీణ విద్యార్థులు నేరుగా ఆరేళ్ళ సమీకృత విద్యలో చేరే ఆ సంస్థ, తన ఆరంభ సంవత్సరాలలో విద్యార్థుల చేతికి ల్యాప్‌టాప్‌లు అందించింది. తల్లిదండ్రులు పలక పట్టించిన ఊరిలోనే ప్రభుత్వం ల్యాప్‌టాప్ పట్టించింది. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాదు జిల్లా నుండి వేరుపడి నిర్మల్ జిల్లా ఏర్పడినప్పుడు బాసర అందులో భాగమైంది.

పలకైనా ల్యాప్‌టాప్ అయినా, చదువుకు మూలం జ్ఞాపకం. విన్నదానిని, చదివినదానిని మనసులో చెదరకుండా నిలుపుకోవడాన్ని మన పూర్వులు ‘ధారణ’ అన్నారు. దాని ప్రకర్షను చూడాలంటే అవధాన సభకు వెళ్ళాలి. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది దిక్కుల నుండి ప్రశ్నల బాణాలు వేస్తూ ఉంటారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెప్పుకొంటూ పోతాడు. మధ్యలో గంటలు లెక్కపెట్టాలి, అప్రస్తుత ప్రసంగానికి చమత్కారంగా బదులివ్వాలి. సభ ముగిసే వేళ అన్ని పద్యాలనూ పొల్లుపోకుండా వరుసగా అప్పగించాలి. అయితే మరునాడు మరొక ఊరిలో సభ జరిగేటప్పుడు నిన్నటి పద్యాలతో అవధానికి పని లేదు. లేఖకుడు కాగితం మీదికి ఎక్కించుకొని ఉంటే అవి నిలుస్తాయి, లేకుంటే గాలిలో కలిసిపోతాయి.

కంప్యూటరులో అవధాని ధారణ వంటి భాగం ర్యామ్. లేఖకుని కాగితం వంటిది డిస్కు. వ్యవహారంలో రెండింటినీ ‘మెమొరీ’ అనే ఒక్క మాటతో పిలుస్తూ ఉండడం వల్ల చిక్కు వస్తున్నది. డిస్కులో దాచినది విద్యుత్తు లేకపోయినా ఉంటుంది. ర్యామ్‌లో ఉన్నది యంత్రం ఆగిన వెంటనే పోతుంది. కాని పని జరిగేది అంతా ర్యామ్‌లోనే. డిస్కు నుండి తెచ్చిన ప్రతి అక్షరమూ, ప్రతి బొమ్మా ముందుగా ర్యామ్‌లో కూర్చుంటుంది. అక్కడి నుండియే ప్రాసెసర్ దానిని అందుకొని, మార్చి, మరల అక్కడే పెడుతుంది.

నేటి ర్యామ్‌కు మూలమైన నిర్మాణాన్ని ఐబీఎం సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ రూపొందించాడు. దానికి 1968లో పేటెంటు లభించింది. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు కలిస్తే ఒక గది. ఆ గదిలో విద్యుదావేశం ఉంటే 1, లేకుంటే 0. చిక్కేమిటంటే ఆ ఆవేశం చిల్లు కుండలోని నీటివలె నిరంతరం కారిపోతూ ఉంటుంది. అందువల్ల సాధారణంగా ప్రతి 64 మిల్లీ సెకన్లకు ఒకసారి యంత్రం ప్రతి గదినీ చదివి, ఉన్నదానిని ఉన్నట్లుగా మరల నింపుతుంది. వేదపాఠశాలలో వటువు చెప్పిన పనసను మళ్ళీ మళ్ళీ వల్లెవేసినట్లు, ర్యామ్ సెకనుకు పదిహేనుసార్లకు పైగా తనలో ఉన్నదంతా వల్లెవేసుకొంటుంది. 8 జీబీ ర్యామ్‌లో ఇటువంటి గదులు 6,871 కోట్లకు పైగా ఉంటాయి. వాటిలో ఒక్క గది వల్లెవేతలో తప్పితే ఏమవుతుంది? వటువు తడబడితే గురువు ఆపుతాడు. సాధారణ ర్యామ్‌కు అటువంటి గురువు లేడు. తప్పు పలికిన అక్షరమే ఒప్పుగా చెలామణి అవుతుంది. మరచిపోవడం కంటె ఇది ప్రమాదకరం. మరచినవాడు ‘గుర్తు లేదు’ అంటాడు. పొరపాటుగా గుర్తుంచుకొన్నవాడు ధైర్యంగా తప్పు చెబుతాడు.

ఈ విషయం ఎంతవరకు పోగలదో తెలియడానికి ఒక దృష్టాంతాన్ని ఊహించుకోవచ్చు. నిర్మల్ పట్టణంలో ఒక ఫొటో స్టూడియో ఉన్నదనుకోవాలి. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసి, ఆల్బమ్‌లు కూర్చడం దాని యజమానికి జీవనాధారం. బల్ల మీది కంప్యూటరును పెళ్ళి మండపానికి మోసుకుపోలేడు కనుక హైదరాబాదు నుండి ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ వర్క్‌స్టేషన్ తెచ్చుకొన్నాడు. వర్క్‌స్టేషన్ అంటే ఇంజనీర్లు, చిత్రకారులు, వీడియో ఎడిటర్ల వంటి వారి బరువైన పనులకై తయారైన యంత్రం. సాధారణ ల్యాప్‌టాప్‌లో ర్యామ్‌కు ఒకటో రెండో స్లాట్లు ఉంటే, 2016 ప్రాంతపు ఇటువంటి యంత్రాలలో నాలుగు స్లాట్లు ఉండేవి. పెద్ద కంపెనీలు కొత్త ధరకు లక్షల్లో కొని, మూడు నాలుగేళ్ళు వాడి వదిలిన యంత్రాలు చిన్న పట్టణాల స్టూడియోలకు అందుబాటు ధరలో దొరుకుతున్నాయి.

ఆ యంత్రంలో 16 జీబీ ర్యామ్ ఉన్నదని తెర చూపుతున్నది. కొన్ని నెలలు సజావుగా నడిచిన తరువాత యజమానికి రెండు బాధలు మొదలయ్యాయి. నాలుగైదు ఆల్బమ్ పుటలు ఒకేసారి తెరిస్తే యంత్రం నత్తనడక నడుస్తున్నది. అప్పుడప్పుడు హఠాత్తుగా నీలి తెర వచ్చి, దానంతట అదే ఆగి మొదలవుతున్నది. నీలి తెర మీది సందేశం ఒకసారి ఒక విధంగా, మరొకసారి మరొక విధంగా ఉంటున్నది. వీటికి తోడు మూడవ లక్షణం ఒకటి ఉన్నది గాని దానిని ఆయన రోగంగా గుర్తించలేదు. కాపీ చేసిన ఫొటోలలో ఎక్కడో ఒకటి సగం దాకా బాగుండి, అక్కడి నుండి కింది భాగమంతా రంగులు మారి, పక్కకు జరిగి కనిపిస్తున్నది. ‘కార్డు పాతబడింది’ అని ఆయన సరిపెట్టుకొన్నాడు.

దగ్గరలోని మెకానిక్ యంత్రాన్ని బోర్లించి, అడుగున ఉన్న మూత విప్పాడు. రెండు స్లాట్లు కనిపించాయి. ఒక దానిలో 8 జీబీ ర్యామ్ ఉన్నది, రెండవది ఖాళీ.

“అన్నా, గిండ్ల ర్యామ్ తక్కువైంది. ఇంకో ఎనిమిది జీబీ ఏస్తే గాలి లెక్క ఉరుకుతది” అన్నాడు.

“ఏసెయ్ తమ్మీ, ఎల్లుండి పెండ్లున్నది” అన్నాడు యజమాని.

మెకానిక్ మాటలో సగం నిజం ఉన్నది. పెళ్ళి ఆల్బమ్‌లో సాధారణంగా వాడే పరచిన పుట 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కవేస్తే 3,600 ను 10,800 తో గుణించాలి. అంటే సుమారు 3 కోట్ల 89 లక్షల చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వర్ణాలకు కలిపి మూడు బైట్లు. ఒక్క పొరకే 116 మెగాబైట్లకు పైగా ర్యామ్ కావాలి. వెనుక తెర ఒక పొర, వధూవరులు ఒక పొర, పూలతీగ ఒక పొర, పేర్లు ఒక పొర అంటూ పది పొరలు చేరితే ఒక పుటకే ఒక జీబీ దాటుతుంది. చేసిన పనిని వెనుకకు తిప్పుకోవడానికి సాఫ్ట్‌వేర్ దాచుకొనే పాత రూపాలు అదనం. ర్యామ్ చాలనప్పుడు యంత్రం కొంత సామగ్రిని డిస్కు మీద పెట్టి, అవసరమైనప్పుడు తెచ్చుకొంటుంది. ఆ రాకపోకలకు పట్టే కాలమే నత్తనడక. ఇది కొరత. దీనికి చికిత్స ర్యామ్ పెంచడమే.

కాని నీలి తెర కొరత వల్ల రాదు. ర్యామ్ చాలకపోతే యంత్రం మందగిస్తుంది, ‘చాలడం లేదు’ అని సందేశం ఇస్తుంది. అది ఫొటో సగం నుండి రంగులు మార్చదు. అది దోషం. ఆకలికి అన్నం పెట్టాలి, జ్వరానికి మందు వేయాలి. రెండూ ఒకే ఒంట్లో ఉన్నప్పుడు ముందు దేనిని చూడాలన్నది వైద్యుని విచక్షణ. మెకానిక్ ఆకలిని చూచాడు, జ్వరాన్ని చూడలేదు.

కొత్త ర్యామ్ వేసిన తరువాత తెర మీద 24 జీబీ కనిపించింది. యంత్రం చురుకుగా నడిచింది. అంతేకాదు, నీలి తెరలు కూడ దాదాపు ఆగిపోయాయి. యజమాని సంతోషించాడు. నిజానికి ప్రమాదం అప్పుడే పెరిగింది. ర్యామ్ విస్తీర్ణం పెరిగేసరికి యంత్రం సామగ్రిని వేరే చోట్ల సర్దుకొన్నది. ఆపరేటింగ్ సిస్టమ్ తన ప్రాణప్రదమైన భాగాలను ఇంతకుముందు చెడిన గదుల మీద పెట్టినప్పుడు నీలి తెర వచ్చేది. ఇప్పుడు ఆ గదుల మీద ఫొటోలు కూర్చుంటున్నాయి. యంత్రం కూలడం లేదు, ఫొటోలు చెడుతున్నాయి. నిర్మల్ బొమ్మల కళాకారులు పొనికి కర్రను బాగా ఆరబెట్టి, అతుకులు, పగుళ్ళు పూడ్చి, నున్నగా చేసిన తరువాతనే రంగు ముట్టుకొంటారు. పగులు మీద రంగు వేస్తే పగులు కనబడదు గాని పోదు.

కెమెరా కార్డు నుండి డిస్కుకు ఫొటోలు కాపీ చేయడమంటే కుండలోని నీటిని గొట్టంతో బిందెలోకి మళ్ళించినట్లు కాదు. ప్రతి ముక్కా ముందు ర్యామ్‌లోకి వచ్చి, తరువాత డిస్కు మీదికి పోతుంది. ర్యామ్‌లో ఒక గది తప్పితే డిస్కు మీద తప్పే శాశ్వతంగా లిఖితమవుతుంది. జేపెగ్ పద్ధతిలో ఫొటోను కుదించి దాచేటప్పుడు ప్రతి సంకేతమూ ముందున్న సంకేతాన్ని ఆధారం చేసుకొని ఉంటుంది. శృంఖలలో ఒక లంకె తెగితే తరువాతి లంకెలన్నీ స్థానం తప్పినట్లు, ఒక్క బిట్టు మారితే అక్కడి నుండి చిత్రం చెదిరిపోవచ్చు. పెళ్ళి ఫొటోలు తీసేవారికి ఒక అలవాటు ఉన్నది. ఫొటోలు డిస్కుకు చేరగానే కార్డును ఖాళీ చేసి తరువాతి పెళ్ళికి సిద్ధం చేసుకొంటారు. ఈ యజమాని మొదటి పెళ్ళి కార్డులను అలాగే ఖాళీ చేశాడు. రెండవ పెళ్ళి కార్డులు ఇంకా బ్యాగులోనే ఉన్నాయి. ఆల్బమ్ కూర్చుతూ ఉండగా మొదటి పెళ్ళిలో పదకొండు ఫొటోలు చెడినట్లు బయటపడింది. వాటిలో ఒకటి తలంబ్రాల ఫొటో.

అప్పుడు యంత్రాన్ని కొంచెం ఓపిక ఉన్న మరొక సాంకేతికుని వద్దకు తీసుకుపోయాడు. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకోక ముందే చెప్పినది రెండు మాటలు. ఈ యంత్రంలో ఏ ఫైలునూ తెరిచి సేవ్ చేయవద్దు, రెండవ పెళ్ళి కార్డులను ముట్టుకోవద్దు. ఆ తరువాత పరీక్ష మొదలుపెట్టాడు.

ర్యామ్ పరీక్షకు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. విండోస్‌లో 2007 నాటి విస్టా నుండి ఇటువంటి సాధనం అంతర్భాగంగా వస్తున్నది. అంతకంటె పాతది, 1990లలోనే పుట్టి నేటికీ వాడుకలో ఉన్నది మెమ్‌టెస్ట్86. దీనిని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిద్రలేపకుండానే నడపవచ్చు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే గోడలన్నీ చూడగలిగినట్లు, ఆపరేటింగ్ సిస్టమ్ లేనప్పుడే ర్యామ్‌లో దాదాపు అన్ని గదులనూ పరీక్షించడం సాధ్యమవుతుంది. ఈ సాఫ్ట్‌వేర్ ప్రతి గదిలోను ఒక విలువ రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. ఒకసారి అన్నీ సున్నాలు, ఒకసారి అన్నీ ఒకట్లు, ఒకసారి ఒకటి విడిచి ఒకటి. పక్క గదిలో రాసినప్పుడు ఈ గదిలోది చెదురుతున్నదా అని కూడ చూస్తుంది. పది నిమిషాలు నడిపి ‘బాగుంది’ అనడం తొందరపాటు. కొన్ని దోషాలు యంత్రం వేడెక్కిన తరువాతనే బయటపడతాయి. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటే ఉత్తర తెలంగాణలో ఇది అక్షరాలా నిజం. ఒక రాత్రంతా నడవనివ్వడం మేలు.

తెల్లవారేసరికి తెర ఎర్రబారింది. దోషాలు ఉన్నాయి. అయితే ఎక్కడ? రెండేసి ర్యామ్‌లు జంటగా పనిచేసేటప్పుడు యంత్రం వరుస చిరునామాలను వాటి మధ్య పంచుతుంది. కాబట్టి దోషం చూపిన చిరునామాను బట్టి ఫలానా ర్యామ్ చెడినదని సులువుగా చెప్పలేము. దోషం ర్యామ్‌లో ఉండవచ్చు, స్లాట్‌లో ఉండవచ్చు, రెండింటి మధ్య చేరిన దుమ్ములో ఉండవచ్చు. అరుదుగా ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపే భాగంలోనూ ఉండవచ్చు. ఇక్కడ మన తర్కశాస్త్రం చెప్పిన అన్వయ వ్యతిరేకాలకు మించిన సాధనం లేదు. ఏది ఉంటే కార్యం ఉంటుందో, ఏది లేకుంటే కార్యం ఉండదో, అది కారణం. పొగకు నిప్పు కారణమని తేల్చిన పద్ధతే ర్యామ్‌కూ వర్తిస్తుంది.

సాంకేతికుడు మొదట గమనించినది లెక్క. తెర 24 జీబీ అంటున్నది. అడుగు మూత కింద కనిపించేవి రెండు 8 జీబీలు, అంటే 16 మాత్రమే. మిగిలిన 8 ఎక్కడ? నాలుగు స్లాట్ల వర్క్‌స్టేషన్లలో చాలావాటికి రెండు స్లాట్లు అడుగున, మరి రెండు కీబోర్డు కింద ఉంటాయి. కీబోర్డు తీస్తే గాని అవి కనిపించవు. మొదటి మెకానిక్ తెర మీది అంకెను, చేతిలోని ర్యామ్‌ను కలిపి చూచి ఉంటే మూడవ ర్యామ్ ఉనికి ఆనాడే తెలిసేది. ఆ మాట అలా ఉంచి, ఆయన అడుగున ఉన్న రెండింటినీ తీసివేసి కీబోర్డు కింది దానినే ఉంచి పరీక్షించాడు. దోషాలు వచ్చాయి. దానిని తీసి మిగిలిన రెండింటితో పరీక్షించాడు. దోషాలు లేవు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఆ ర్యామ్‌ను పారవేస్తారు. కాని ర్యామ్‌తో పాటు స్లాటు కూడ మారింది గదా! అందువల్ల అనుమానిత ర్యామ్‌ను అడుగు స్లాట్‌లో, మంచి ర్యామ్‌ను కీబోర్డు కింది స్లాట్‌లో పెట్టి ఇంకొకసారి చూచాడు. అనుమానితుడు చోటు మారినా దోషం వెంట వచ్చింది. మంచిది ఆ స్లాట్‌లోనూ మంచిగానే ఉన్నది. స్లాటు నిర్దోషి అని తేలింది.

ఈ రెండు పరీక్షల నడుమ ఆయన ర్యామ్ అంచున ఉండే బంగారు పూత గల పట్టీలను కూడ శుభ్రం చేశాడు. దుమ్ము చేరడం వల్లను, వానాకాలపు తేమ వల్లను స్పర్శ సరిగా కుదరక దోషాలు రావడం కద్దు. అటువంటప్పుడు తీసి మరల పెట్టినంత మాత్రాన బాగవుతుంది. పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దడం మన దుకాణాలలో పరిపాటి. ఆ బంగారు పూత మందం తలవెంట్రుక మందంలో సుమారు వందో వంతు. పదిసార్లు రుద్దితే పూత పోయి లోపలి లోహం బయటపడుతుంది, రబ్బరు పొడి స్లాట్‌లో ఇరుక్కొంటుంది. పీచు రాలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది మెల్లగా తుడిచి ఆరనివ్వడం ఉచితం. ఈ యంత్రంలో తుడిచిన తరువాత కూడ దోషం నిలిచింది కనుక అది మురికి కాదని నిశ్చయమైంది.

జ్వరం పట్టుబడింది, ఇక ఆకలి. ఎంత ర్యామ్ పెంచాలి, ఎటువంటిది కొనాలి? ‘ల్యాప్‌టాప్ ర్యామ్ ఇవ్వండి’ అని దుకాణంలో అడగడం ‘చెప్పులు ఇవ్వండి’ అని కొలత చెప్పకుండా అడగడం వంటిది. ల్యాప్‌టాప్‌లలో వాడే చిన్న ర్యామ్ పలకకు ఎస్‌ఓ-డిమ్ అని పేరు. తరాన్ని బట్టి దాని పట్టీల సంఖ్య మారుతుంది. డీడీఆర్3 కు 204, డీడీఆర్4 కు 260, డీడీఆర్5 కు 262. అంచున ఉండే చిన్న గంటు కూడ స్థానం మారుతుంది కనుక ఒక తరం ర్యామ్ మరొక తరం స్లాట్‌లో పట్టదు. పట్టకపోతే బలవంతం చేయకూడదు. విద్యుత్తు కూడ తరానికొక తీరు. డీడీఆర్3 కు 1.5 వోల్టులు, డీడీఆర్4 కు 1.2, డీడీఆర్5 కు 1.1. డీడీఆర్3 లోనే ఎల్ అక్షరం చేర్చిన రకం 1.35 వోల్టులతో నడుస్తుంది. 2013 తరువాతి పెక్కు ల్యాప్‌టాప్‌లు ఆ ఎల్ రకాన్నే కోరుతాయి. ఆకారంలో తేడా లేనందున 1.5 వోల్టుల పాత ర్యామ్‌ను వాటిలో పెట్టి, యంత్రం వెలగక, మదర్‌బోర్డు పోయిందని భ్రమపడేవారు ఉన్నారు.

యంత్రం ఎంత భరించగలదో తయారీదారు పుస్తకంలో చూడాలి. నాలుగు స్లాట్లు ఉన్నంత మాత్రాన నాలుగింటిలోను ఎంత పెద్ద ర్యామ్ అయినా పనిచేస్తుందని కాదు. ప్రాసెసర్‌కు ఒక పరిమితి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు మరొక పరిమితి ఉంటుంది. 32 బిట్ల విండోస్‌కు రెండును ముప్పై రెండుసార్లు గుణిస్తే వచ్చే 429 కోట్ల చిరునామాలే, అనగా 4 జీబీయే అవధి. అందులోనూ కొంత ఇతర పరికరాలకు పోతుంది. అటువంటి యంత్రంలో 16 జీబీ వేయడం, వంద గదుల భవనం కట్టి నాలుగు తాళపుచెవులే చేయించుకోవడం వంటిది. ఈ స్టూడియో యంత్రానికి 64 జీబీ పరిమితి, 64 బిట్ల విండోస్ ఉన్నాయి కనుక ఆ చింత లేదు.

ర్యామ్‌లను జంటగా వేయడం మంచిది. నేటి ప్రాసెసర్లకు ర్యామ్‌తో రెండు మార్గాలు ఉంటాయి. రెండు మార్గాలలోను సమానమైన ర్యామ్ ఉంటే రెండు ఎడ్ల బండి సాగినట్లు సాగుతుంది. వేర్వేరు వేగాలవి కలిపితే సాధారణంగా అన్నీ నెమ్మదైన దాని వేగానికే దిగుతాయి. యజమాని దగ్గర మంచివి రెండు 8 జీబీలు ఉన్నాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్ ప్రాంతపు విడిభాగాల దుకాణాల నుండి ఒకే రకపు 16 జీబీలు రెండు తెప్పించాడు. కృత్రిమ మేధకై పెద్ద కంపెనీలు విపరీతంగా ర్యామ్ కొనడం వల్ల 2025 చివరి నుండి దీని ధర బాగా పెరిగింది. తప్పు రకం కొని తిరిగి ఇవ్వలేకపోవడం చిన్న నష్టం కాదు.

బిగించడంలో చెప్పవలసినవి కొద్దే. అడాప్టరు తీసి, బ్యాటరీని వేరు చేసి, పవర్ మీటను కొన్ని క్షణాలు నొక్కి మిగిలిన విద్యుత్తును పోనివ్వాలి. చలికాలంలో గాలి పొడిగా ఉండే రోజులలో ఒంటి మీద స్థిర విద్యుత్తు చేరుతుంది. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. అందులో చిన్న వంతు చాలు ర్యామ్‌ను చెరచడానికి. కాబట్టి నైలాను దుస్తులు, ఉన్ని శాలువలు లేకుండా, భూమితో సంబంధం ఉన్న లోహాన్ని ముందు తాకి, ర్యామ్‌ను అంచులు పట్టుకొని ఎత్తాలి. ఏటవాలుగా స్లాట్‌లోకి తోసి, మెల్లగా కిందికి నొక్కితే రెండు వైపుల కొక్కేలు టక్కుమని పట్టుకొంటాయి. ఆ శబ్దం రాకపోతే అది కూర్చోలేదన్నమాట. కొత్త ర్యామ్‌తో మొదటిసారి వెలిగించినప్పుడు, ముఖ్యంగా డీడీఆర్5 యంత్రాలలో, తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండవచ్చు. యంత్రం కొత్త ర్యామ్‌తో పరిచయం చేసుకొంటున్నది. కంగారుపడి మధ్యలో ఆపివేయరాదు.

తప్పు పలికితే ఆపే గురువు సాధారణ ర్యామ్‌కు లేడని ఇంతకుముందు అనుకొన్నాము. అటువంటి గురువును సృష్టించే మార్గాన్ని రిచర్డ్ హామింగ్ అనే గణితవేత్త 1950లోనే ప్రకటించాడు. దానిని అనుసరించిన ఈసీసీ ర్యామ్‌లో ప్రతి 64 బిట్లకు 8 సాక్షి బిట్లు తోడుంటాయి. ఒక బిట్టు తప్పితే ఆ సాక్షులను బట్టి ఏది తప్పిందో కనిపెట్టి అప్పటికప్పుడే సరిదిద్దుతుంది. రెండు తప్పితే సరిదిద్దలేకపోయినా తప్పు జరిగిందని పట్టుకొంటుంది. ఛందస్సు తెలిసినవాడు పద్యంలో ఒక అక్షరం జారితే యతిప్రాసలను బట్టి పట్టుకొన్నట్లే. సర్వర్ల వంటి పెద్ద యంత్రాలలో ఉండిన ఈ వసతి 2015లో ల్యాప్‌టాప్‌లకై వచ్చిన జియాన్ ప్రాసెసర్లతో ల్యాప్‌టాప్ వర్క్‌స్టేషన్లకు వచ్చింది. అయితే ప్రాసెసర్‌కు ఆ శక్తి ఉండాలి. ఈ స్టూడియో యంత్రంలోని ప్రాసెసర్‌కు అది లేదు. లేనివారికి ఈసీసీ ర్యామ్ కొనడం వృథా.

పలుచని ల్యాప్‌టాప్‌ల మోజు పెరిగి ర్యామ్‌ను మదర్‌బోర్డు మీదనే అతికించివేసే పద్ధతి వ్యాపించింది. అటువంటి యంత్రంలో ర్యామ్ చెడితే పైన చెప్పిన పరీక్షలు దోషాన్ని చూపగలవు గాని చికిత్సకు చోటుండదు, మదర్‌బోర్డునే మార్చవలసి వస్తుంది. దీనికి విరుగుడుగా డెల్ సంస్థ 2022లో తన వర్క్‌స్టేషన్లలో క్యామ్ అనే కొత్త రకపు ర్యామ్ పలకను ప్రవేశపెట్టింది. 2023 డిసెంబరులో దాని సవరించిన రూపానికి జెడెక్ ప్రమాణం ఏర్పడింది. బల్లపరుపుగా ఉండి స్క్రూలతో బిగించే ఆ పలక పలుచని యంత్రంలోనూ ఇముడుతుంది, విప్పడానికీ వీలవుతుంది. ల్యాప్‌టాప్ కొనేవారు ప్రాసెసర్ పేరు అడిగినంత శ్రద్ధగా ‘ర్యామ్ విప్పవచ్చునా?’ అని అడగడం అరుదు.

స్టూడియో యంత్రం ఇప్పుడు 48 జీబీతో నిలిచింది. మరొక రాత్రి పరీక్ష నడిచింది. తెల్లవారేసరికి ఒక్క దోషమూ లేదు. అప్పుడు రెండవ పెళ్ళి కార్డులను బ్యాగు నుండి తీసి, మొదటి నుండి మరల కాపీ చేశారు. కాపీ అయిన ఫైళ్ళను కార్డులోని ఫైళ్ళతో బిట్టుకు బిట్టు సరిపోల్చే సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూశారు. అన్నీ సరిపోయాయి. పాత కాపీతో పోల్చితే అందులో ఏడు ఫొటోలు చెడి ఉన్నట్లు తేలింది. వాటిని తుడిచివేశారు. మొదటి పెళ్ళి పదకొండు ఫొటోలు రాలేదు. పెళ్ళికి వచ్చిన బంధువుల ఫోన్లను వెతికించగా తలంబ్రాల వేళ తీసినది ఒకటి, కొంచెం పక్కనుండి, కొంచెం మసకగా దొరికింది. దానినే ఆల్బమ్‌లో వేశారు.

చెడిన ర్యామ్‌ను సాంకేతికుడు యజమాని చేతిలో పెట్టాడు. చూడటానికి మంచివాటికి, దానికి ఏ తేడా లేదు. ఎవరో తీసి మరొక యంత్రంలో వేయకుండా ఉండేందుకు యజమాని పట్టకారుతో దాని బంగారు అంచును విరిచి, పాత విడిభాగాల డబ్బాలో పడవేశాడు.